వేడిపాలు త్రాగిన పిల్లి

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎరుగని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ మాన్పుటకై రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇప్పించినారట. రామకృష్ణుడు మొదటినాడే సలసల కాగిన పాలను పిల్లి ముందు పెట్టినాడు. మూతి కాలిన పిల్లి ఆనాటి నుండి పాలగిన్నె కంటబడగానే పరుగు లంకించుకొన్నది. ఆవుపాలు ఇంటివారికి దక్కినవి. కథ చెప్పువారు వికటకవి తెలివిని మెచ్చుకొని అక్కడితో ఆపుదురు. పిల్లి గతి ఏమైనదని ఎవరును అడుగరు. ఈ ప్రసంగమున మేము అడుగదలచినది ఆ సంగతియే. చల్లారిన పాలను దినదినము ముందు పెట్టుచు వచ్చినచో ఆ పిల్లి మరల త్రాగియుండెడిదా? త్రాగినచో, మొదటినాటి మంట దాని లోపలినుండి తుడిచిపెట్టుకొని పోయినట్లేనా, లేక దానిపై ఒక పొర కప్పినట్లు మాత్రమేనా?

కుక్కను చూచి, చీకటిని చూచి, బడిని చూచి బెదరిపోవు బిడ్డను పెంచు ప్రతి తల్లికిని ఈ ప్రశ్న కావలసినదే. దీనికి సమాధానము వెదకినవారిలో ముందుగా చెప్పుకొనవలసినవాడు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాడు. ఆయన జీర్ణకోశమును పరీక్షించు శరీర శాస్త్రజ్ఞుడు. మనస్తత్వ శాస్త్రమనిన ఆయనకు గౌరవము కూడ అంతంతమాత్రమే.

ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవు 1849లో రష్యాలోని ర్యజాన్ పట్టణమున ఒక క్రైస్తవ మతగురువు ఇంట పుట్టినాడు. తండ్రి వృత్తిని చేపట్టుటకని మతపాఠశాలలో చేరి, ప్రకృతి శాస్త్రముల మీది మోజుతో దానిని విడిచి, 1870లో సెంట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ప్రవేశించినాడు. 1891 నుండి ఆ నగరమందలి ప్రయోగ వైద్య సంస్థలో శరీర శాస్త్ర శాఖకు అధిపతి. కుక్క జీర్ణాశయమునకు, లాలాజల గ్రంథులకు శస్త్రచికిత్స చేసి, ఊరిన రసము బయటకు వచ్చునట్లు అమర్చి, ఆ కుక్క ఆరోగ్యముగా తిరుగాడుచుండగనే రసమును బొట్టు బొట్టుగా లెక్కించుట ఆయన నేర్పు. అట్లు తీసిన జఠరరసమును అజీర్ణ రోగులకు మందుగా అమ్మి, ప్రయోగశాల ఖర్చులకు కొంత రాబట్టుకొనెడివారు కూడ. ఈ జీర్ణశాస్త్ర కృషికే 1904లో నోబెలు బహుమతి లభించినది. రష్యనులలో ఆ బహుమతిని పొందిన మొదటివాడు ఆయనయే. కాని బహుమతిని తెచ్చిన పని వేరు, పేరును నిలిపిన పని వేరు.

లెక్క సరిగా తేలనీయని చిక్కు ఒకటి ఆ ప్రయోగశాలలో మొదటి నుండియు ఉన్నది. నోట మాంసము పడినప్పుడు కుక్కకు లాలాజలము ఊరుట సహజము. కాని కొంత అనుభవము గల కుక్కకు మాంసము నోట పడనక్కరలేదు, కంటబడిన చాలును. మరికొన్ని దినములకు పళ్లెము చూచినను, మాంసము తెచ్చు మనిషి అడుగుల చప్పుడు విన్నను ఊరుచున్నది. మరియొకడైనచో దీనిని పరిశోధనకు అడ్డు తగులు పీడగా భావించి, కుక్కకు కనబడకుండ పళ్లెమును దాచి, తన లెక్కలు తాను చూచుకొనెడివాడు. ఆయన శిష్యులలో ఒకడు, కుక్క ఆలోచించుచున్నది, కోరుచున్నది, అందువలననే నోరూరుచున్నది అని వివరించబోయినాడు. పావ్లోవు ఒప్పుకొనలేదు. కుక్క మనస్సులోనికి మనము దూరి చూడలేము. బొట్లను మాత్రము లెక్కింపగలము. ఇది ఆయన పట్టు. ప్రయోగశాలలో మనస్సు పేరెత్తిన సహాయకులకు జరిమానా వేసెడివాడని కూడ చెప్పుదురు. 1903లో మాడ్రిడ్ నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఈ క్రొత్త త్రోవను ఆయన లోకమునకు ప్రకటించినాడు.

పావ్లోవు అనగానే గంట జ్ఞప్తికి వచ్చుట మనకు అలవాటైనది. వాస్తవమునకు ఆయన ప్రయోగశాలలో ఎక్కువగా వినబడినది సంగీత విద్యార్థులు తాళమునకు వాడు మెట్రోనోము టిక్కుటిక్కుమను చప్పుడు. ఇవి గాక దీపములు, బూరలు, చర్మమును తాకు పరికరములు ఉండెడివి. గంటను వాడిన వేరొకడు కలడు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ట్విట్‌మయరు మోకాలి చిప్ప క్రింద సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎగురుటను పరీక్షించుచు, దెబ్బకు ముందు హెచ్చరికగా గంట మ్రోగించెడివాడు. ఒకనాడు సుత్తి పడకయే, గంట మాత్రమే మ్రోగగా కాలు ఎగిరినది. ఆయన 1902లో దీనిని తన సిద్ధాంత వ్యాసమున వ్రాసినాడు. 1904లో పండితుల సభలో చదివినాడు. సభాధ్యక్షుడు ప్రఖ్యాతుడైన విలియం జేమ్సు. ఒక్కరును ప్రశ్న అడిగిన పాపమున పోలేదు. ట్విట్‌మయరు నిరుత్సాహపడి ఆ పనిని విడిచిపెట్టినాడు. ఒకే సత్యము రెండు దేశములలో దాదాపు ఒకే కాలమున ఇద్దరికి దొరకినది. ఒకనికి శిష్యబృందము, ప్రయోగశాల ఉన్నవి, మరియొకనికి లేవు. శాస్త్ర చరిత్రలో ఇట్టి అన్యాయములు తరచు కనబడును.

ఇక మాట సంగతి. ఇట్లు నేర్చిన స్రావమునకు పావ్లోవు పెట్టిన రష్యను పేరునకు 'షరతుకు లోబడిన ప్రతీకార చర్య' అని అర్థము. అనగా ఈ చర్య పుట్టుకతో వచ్చినది కాదు, కొన్ని షరతులు ఉన్నంతవరకే ఉండునది. ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి అది 'కండిషన్డ్' అయినది. మలచి ముగించినది అను ధ్వని దానికి అంటుకొన్నది. మన పాఠ్యగ్రంథములలోని 'నిబంధిత' అను మాట ఇంగ్లీషు త్రోవననే వచ్చినది. ఒక్క ప్రత్యయము మారుటచే ఎంత అర్థము మారినది! మూలములోని మాట వినువారికి 'ఇది ఏ షరతుపై నిలిచియున్నది?' అని అడుగబుద్ధియగును. అనువాదములోని మాట వినువారికి 'అచ్చు పడినది, ఇక మారదు' అని తోచును. ఇరువదవ శతాబ్దమున ఈ శాస్త్రమును గూర్చి వ్యాపించిన అపోహలలో పెక్కు ఇక్కడనే మొలకెత్తినవని మా అభిప్రాయము.

షరతులు ఏవన్నచో, మెట్రోనోము ముందు వినబడవలెను, ఆహారము వెనుక రావలెను. ఆహారము పెట్టిన పిమ్మట మెట్రోనోము మ్రోగించిన కుక్క ఏమియు నేర్వదనుట దాదాపు నిజము. ఇతర శబ్దములు, కదలికలు దాని ధ్యానమును చెదరగొట్టరాదు. ఇందుకై పావ్లోవు లావుపాటి గోడలతో, నేల అదరకుండుటకు చుట్టు కందకముతో ఒక ప్రత్యేక భవనమునే కట్టించినాడు. దానిని 'మౌన గోపురము' అనెడివారు. పరిశోధకుడు కుక్క ఉన్న గదిలో ఉండక, వెలుపలినుండియే చూచుచు, అక్కడినుండియే ఆహారమును అందించెడివాడు.

నేర్చిన కుక్కకు మెట్రోనోమును మాత్రము మాటిమాటికి వినిపించుచు ఆహారము పెట్టకున్నచో, బొట్లు క్రమముగా తగ్గి తుదకు ఒక్కటియు రాదు. దీనిని 'విరమణ' అందురు. పాఠము చెరిగిపోయినదని మనమనుకొందుము. కాని ఆ కుక్కకు కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చి మరల మెట్రోనోమును మ్రోగింపుడు: లాలాజలము మరల ఊరును. మునుపటంత కాకున్నను, ఊరుట మాత్రము నిజము. ఎవరును నేర్పకయే తిరిగి వచ్చుటచే మన పుస్తకములు దీనికి 'అయత్నసిద్ధ స్వాస్థ్యము' అని చక్కని పేరు పెట్టినవి. అంతకంటె వింత ఒకటి కలదు. బొట్లు పూర్తిగా ఆగిన సమయముననే, ఎక్కడనో ఒక తలుపు ధడాలున పడినచో, ఆ క్షణముననే లాలాజలము మరల వచ్చును. చెరిగిపోయినది చప్పుడు చేసినంత మాత్రమున తిరిగి రాదు. కావున అది చెరిగిపోలేదు. లోపల ఏదో శక్తి దానిని అదిమి పట్టుకొని యున్నది. పావ్లోవు దానిని నిరోధమనినాడు.

ఈ సూచన ఎంత లోతైనదో చాలకాలమునకు గాని తెలియలేదు. 1979లో మార్క్ బౌటన్, రాబర్ట్ బోల్సు అను అమెరికను పరిశోధకులు ఎలుకలకు ఒక పెట్టెలో భయమును నేర్పి, వేరొక పెట్టెలో ఆ భయమును విరమింపజేసినారు. ఎలుకలు శాంతించినవి. వాటిని మొదటి పెట్టెలో మరల ఉంచగానే భయము తిరిగి వచ్చినది. విరమణ అనగా మరచుట కాదు, ఇంకొక పాఠమును నేర్చుట. ఆ రెండవ పాఠము నేర్చిన చోటును అంటిపెట్టుకొని యుండును, మొదటి పాఠము అన్ని చోట్లకు వెంట వచ్చును. రామకృష్ణుని పిల్లిని పొరుగింటిలో నెలల తరబడి చల్లని పాలకు అలవాటు చేసినను, ఆ వంటయింటికి తిరిగి వచ్చిననాడు మరల పరుగెత్తునేమో అని అనుమానించుటకు ఇప్పుడు మనకు ఆధారము కలదు.

పావ్లోవు శాలలో భయమును గూర్చిన జ్ఞానము రెండు సందర్భములలో లభించినది. ఒకటి కోరి చేసినది, ఒకటి దైవికముగా వచ్చినది. 1914లో షెంగర్ క్రెస్తోవ్నికోవా అను సహాయకురాలు ఒక కుక్కకు వలయమును చూపి ఆహారము పెట్టుచు, కోడిగ్రుడ్డు ఆకారమును చూపినప్పుడు పెట్టక, రెంటికి గల భేదమును నేర్పినది. పిమ్మట ఆ గ్రుడ్డును క్రమక్రమముగా గుండ్రముగా చేయుచు వచ్చినది. నిడివి వెడల్పులు తొమ్మిదికి ఎనిమిది పాళ్లకు వచ్చునప్పటికి కుక్క తబ్బిబ్బు పడినది. మూడు వారములు ప్రయత్నించగా తెలివి హెచ్చకపోగా, సులభమైన భేదములను కూడ మరచినది. అంతవరకు నెమ్మదిగా నిలిచిన ప్రాణి కీచుమని మూలుగుచు, కట్లను పెనగులాడి, పరికరములను పండ్లతో కొరికివేసినది. దానిని ఎవరును కొట్టలేదు. తెలియరాని ప్రశ్నకు జవాబు చెప్పుమని నిర్బంధించినారు, అంతే. బడిపంతుళ్లు ఈ ప్రయోగమును ఒకసారి చదువుట మంచిదని మాకు తోచును.

రెండవది 1924 సెప్టెంబరు 23వ తేదీన వచ్చిన వరద. ఆనాడు నీవా నది లెనిన్‌గ్రాడు నగరమును ముంచెత్తినది. నీరు మామూలు మట్టమునకు పైగా సుమారు 3.8 మీటర్లు లేచినది. కుక్కల కొట్టములలోనికి నీరు జొరబడగా, పనివారు తుపాను హోరులో వాటిని ఈదించుకొని ప్రధాన భవనమునకు చేర్చినారు. ప్రాణములు దక్కినవి గాని, కొన్ని దినములకు పరీక్షింపగా కొన్ని కుక్కలు సంవత్సరముల తరబడి నేర్చినదంతయు పోగొట్టుకొనినట్లు తేలినది. స్పెరాన్‌స్కీ అను శిష్యుడు అట్టి కుక్క నొకదానిని పరీక్షించినాడు. పరిచయమున్న మనిషి ప్రక్కన కూర్చున్నచో అది నేర్చినది తిరిగి కనబరచినది. మనిషి లేచిపోయినచో లేదు. ఓపికగా బాగుచేసిన పిమ్మట, ఒకనాడు తలుపు సందున సన్నని నీటిధారను గదిలోనికి పారనిచ్చినారు. కుక్క వణకినది, బాగుపడినదంతయు ఆ పూటకు మరల పోయినది. శాస్త్రమునకు అది విలువైన ఫలితమే. ఆ నీటిని వదలిన చేతిని మాత్రము మెచ్చుకొనుటకు మాకు మనస్సు రాదు.

ఇంతలో అమెరికాలో వేరొక పాయ ప్రవహించుచున్నది. థారన్‌డైకు 1898 నాటికే ఆకలిగొన్న పిల్లులను గడియ పెట్టిన పెట్టెలలో ఉంచి, అవి పలుమార్లు తప్పులు చేయుచు గడియ తీయుట నేర్చు తీరును కొలిచినాడు. సుఖఫలము నిచ్చిన చేష్ట నిలుచును, ఈయనిది జారిపోవును అను ఆయన సూత్రము నుండియే తరువాత స్కిన్నరు కృషి అంతయు పుట్టినది. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము; ఇచట మన త్రోవ భయము త్రోవ.

ఆ త్రోవలో దిగులు పుట్టించు మజిలీ జాన్ వాట్సను ప్రయోగము. మనస్తత్వ శాస్త్రము చేష్టలను మాత్రమే పరిశీలింపవలెనని 1913లో చాటినవాడు ఈయనయే. 1920లో ఈయనయు రోజలీ రేనరు అను సహాయకురాలును, 'ఆల్బర్ట్ బి.' అని పేరు పెట్టిన పదునొకండు నెలల పసివానికి తెల్ల ఎలుకను చూపుచు, వాడు చేయి చాపినప్పుడెల్ల వెనుకనుండి ఉక్కు కడ్డీని సుత్తితో మోదినారు. ఏడుమార్లు అట్లు చేయగా, చప్పుడు లేకయే ఎలుకను చూచి బిడ్డ ఏడ్చి ప్రాకిపోయినాడు. అయిదు దినముల పిమ్మట కుందేలును చూచినను, కుక్కను చూచినను, ఉన్ని కోటును చూచినను కొంత బెదరినాడు. ఆల్బర్టు తల్లి ఆస్పత్రిలో దాది; బిడ్డ అక్కడనే పెరుగుచున్నాడు. తుది పరీక్ష జరిగిననాడే బిడ్డను తీసికొనిపోయినారు; భయమును పోగొట్టు అవకాశము తమకు లేకపోయెనని పరిశోధకులు వ్రాసికొన్నారు. బిడ్డ వెళ్లు సంగతి వారికి నెల ముందుగనే తెలియునని తరువాతి చరిత్రకారులు చూపినారు.

పాఠ్యగ్రంథములు ఈ కథను పెంచి చెప్పినవి. మూలమున ఫలితములు అంత గట్టివి కావు. అయినను అందరును దాటిపోయిన వాక్యమొకటి ఆ నివేదికలో కలదు. బ్రొటనవ్రేలు నోట పెట్టుకొన్నప్పుడు బిడ్డకు భయము పుట్టలేదు. చలనచిత్రము తీయునప్పుడు భయము కనబడుటకై మాటిమాటికి ఆ వ్రేలిని లాగివేయవలసి వచ్చినదట! భయమును పోగొట్టు మందు బిడ్డ నోటిలోనే ఉండగా, పరిశోధకులు దానిని పరికరమునకు అడ్డముగా భావించి తొలగించుచుండినారు.

ఆ మందును మందుగా గుర్తించినది మేరీ కవర్ జోన్సు అను యువతి. ఈమె కొలంబియాలో చదువుచు, న్యూయార్కులోని ఒక శిశుసంస్థయందు మూడు నెలల నుండి ఏడేండ్ల వరకు వయస్సు గల సుమారు 70 మంది పిల్లల భయములను పరిశీలించినది. వాట్సను సలహాలు ఆమెకు లభించెడివి. భయపడు వస్తువును కొంతకాలము కనబడనీయకుండుట, నచ్చజెప్పుట, తోటిపిల్లలచే ఎగతాళి చేయించుట, దృష్టి మరల్చుట: పెద్దలు వాడు ఉపాయములన్నియు ఆమె వరుసగా ప్రయత్నించి చూచినది. నమ్మదగినవి రెండే తేలినవి. ఒకటి బెదరని పిల్లల నడుమ ఉంచుట; రెండవది ఇష్టమైన తిండి.

1924లో ఆమె ప్రకటించిన 'పీటరు' కథ ప్రసిద్ధమైనది. రెండేండ్ల పది నెలల ఈ బాలునికి ఎలుకన్న, కుందేలన్న, ఉన్ని కోటన్న, ఈకలన్న, దూదియన్నను హడలు. ఎవరును ప్రయోగము చేసి నేర్పినది కాదు, ఎక్కడనో నేర్చినాడు. మొదట బెదరని ముగ్గురు పిల్లలతో ఆడించుచు కుందేలును చూపినారు. కొంత మేలు కనబడినది. అంతలో పీటరుకు స్కార్లెట్ జ్వరము తగిలి రెండు నెలలు ఆస్పత్రిలో ఉండవలసి వచ్చినది. తిరిగి వచ్చుచుండగా పెద్దకుక్క యొకటి వానిపైకిని, వెంటనున్న నర్సుపైకిని దుమికినది. సాధించినదంతయు ఒక్క పెట్టున పోయినది. లెనిన్‌గ్రాడు కుక్క గదిలోని నీటిధార ఇచట మనకు జ్ఞప్తికి రాకమానదు. ఆ వరదయు ఈ నివేదికయు ఒకే సంవత్సరమున వచ్చినవి.

జోన్సు మరల మొదటినుండి ఆరంభించినది. పీటరును ఎత్తుకుర్చీపై కూర్చుండబెట్టి, ఇష్టమైన తిండి పెట్టి, వాడు తినుచుండగా బోనులో ఉన్న కుందేలును గదిలో చాల దూరమున ఉంచెడివారు. తిండి ఆపనంత దూరము ఎంతయో చూచుకొని, దినదినము కొంచెము దగ్గరకు జరిపెడివారు. తొందర పనికిరాదు. కుందేలును అదను చూడక దగ్గరకు తెచ్చినచో, కుందేలు మీది ప్రీతికి బదులు తిండి మీది ఏవగింపు పుట్టు ప్రమాదమున్నదని ఆమె హెచ్చరించినది. పిమ్మట బోను విప్పినారు; పిమ్మట కుందేలును బల్లపై, తుదకు ఒడిలో ఉంచినారు. చివరి దినములలో పీటరు దానిని నిమురుచు, తన వ్రేళ్లను అది మెల్లగా కొరుకుచున్నను నవ్వుచుండెడివాడు. దూది, కోటు, ఈకల భయము ఎవరును ముట్టుకొనకయే పోయినది. ఎన్నడును చూడని వానపాముల కుప్పను ఇచ్చి చూడగా, మొదట కొంచెము ముడుచుకొని, కొన్ని నిమిషములకే వాటిని చేత పట్టుకొని తెచ్చి చూపినాడు.

ఈ పనిని అప్పుడు పట్టించుకొనినవారు తక్కువ. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పి భయమును కొంచెము కొంచెముగా ఎదుర్కొనుటయు, దానితోపాటు శరీరమును సడలించుటయు కలిపి పెద్దవారి భయములకు ఒక చికిత్సను నిర్మించి 1958లో గ్రంథము ప్రకటించినాడు. ఈ చికిత్సా మార్గమునకు జోన్సు తల్లి వంటిదని ఆయనయే పిమ్మట అన్నాడు. ఆమె అప్పటికి కాలిఫోర్నియాలో ఒకే తరము పిల్లలను బాల్యము నుండి నడివయస్సు వరకు పరిశీలించు పనిలో మునిగియున్నది. 1987 వరకు జీవించినది.

పీటరు సంగతి ఇంకను కొంచెము మిగిలియున్నది. ప్రయోగము ముగిసిన తరువాత ఆ బాలుడు తన ఇంటికి తిరిగి వెళ్లినాడు. ఆ ఇల్లు బీద ఇల్లు. తల్లి మాటకు ముందు కన్నీరు పెట్టుకొను మనిషి. బిడ్డను అదుపులో ఉంచుటకు ఆమెకు తెలిసిన ఉపాయము ఒక్కటే: లోపలికి రమ్ము, బయట నిన్నెవరో ఎత్తుకొనిపోవుదురు అని పిలుచుట. మన ఇండ్లలో బూచివానిని పిలుచుట వంటిదే అది. జోన్సు తన నివేదికలో దీనిని దాచక వ్రాసి, తాను ఆ బాలునితో ఇంకను సంబంధము నిలుపుకొనియున్నానని మాత్రము చెప్పినది.